దొన్యా ఒబ్దూలియా చూడని కప్ప

స్పెయిన్‌లోని సలమాంకాలో, యూనివర్సిటీ వెనక సందులో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో దొన్యా ఒబ్దూలియాకి మూత తీయకుండానే తెలుస్తుంది. పై అంతస్తు మొగుడూ పెళ్లాలు ఏ వారం మాటలు మానేశారో, ఏ వారం మళ్లీ మొదలుపెట్టారో వాళ్లకన్నా ఈమెకే బాగా గుర్తు. ఆ ఊళ్లో ఆమెకు తెలియనిది ఒక్కటే, కప్ప.

కప్పంటే యూనివర్సిటీ పాత ద్వారం మీది రాతి కప్ప. ఆ ద్వారం చెక్కినవాళ్లకు జానెడు జాగా ఖాళీగా వదలడం చేతకాలేదు. రాజూ రాణీ, తలకాయలు, తీగలు, రెక్కల జంతువులు. వాటి మధ్య ఎక్కడో గుప్పెడంత కప్ప. ఎవరూ చూపించకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్షలు గట్టెక్కుతాడని ఊరందరి నమ్మకం. ఎవరైనా వేలెత్తి చూపించారా, ఫలం పోయినట్టే.

ఒబ్దూలియాకి ఎనిమిదేళ్లప్పుడు బడి సిస్టర్లు క్లాసు పిల్లలందర్నీ ఆ ద్వారం ముందు నిలబెట్టి, కనబడినవాళ్లు చెయ్యెత్తమన్నారు. ఒక్కొక్కరే ఎత్తేశారు. చివరికి ఈమె ఒక్కతే మిగిలింది. వెనక మిగిలిపోవడం ఆమె ఒంట్లో లేదు కనుక తనూ ఎత్తేసింది. అరవై ఏళ్లయింది, ఆ చెయ్యి ఇంకా దించలేదు. పైగా ఏడాదికేడాదికీ కథ కాస్త బలుస్తూ వచ్చింది. "మొదటి చూపులోనే పట్టేశాను. సిస్టర్ బెనిగ్నా నోరు తెరుచుకుని ఉండిపోయింది" అంటుంది. ఆ సిస్టర్ ఇప్పుడు లేదు కాబట్టి నోరు ఎంత తెరిచిందో చెప్పేవాళ్లూ లేరు.

భర్త పోయాక వీధివైపు గదిని పరాయి దేశాల విద్యార్థులకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరొచ్చినా మొదటిరోజు ఒకటే మాట. "పెట్టె తర్వాత విప్పుకోవచ్చు. ముందెళ్లి కప్పను చూసి రా."

తొంభై ఆరులో అమెరికానుంచి, ఆ మిన్నెసోటా చలిదేశం నుంచి మారెన్ అనే పిల్ల వచ్చింది. ఊరు చూడటానికి కూడా పట్టీ రాసుకునే పిల్ల. సోమవారం వంతెన, మంగళవారం రెండు చర్చిలు, బుధవారం సంత. చూసినదాన్ని చూసినట్టు పెన్సిలుతో కొట్టేస్తుంది. మధ్యాహ్నం రెండున్నరకి భోజనాల బల్ల దగ్గర విచారణ.

"ఇవాళ ఎటు ఊరేగావమ్మా?"

"నది అవతలికి వెళ్లాను, సెన్యోరా. తిరిగొస్తూ పాత కెథెడ్రల్."

"కొత్తది చూడలేదా? అది అలుగుతుంది. సరే, కప్ప?"

"కనబడలేదు."

"మూడు వారాలు. నది ఆనింది, కెథెడ్రల్ ఆనింది, మా కప్ప మాత్రం నీ కళ్లకి ఆనదు. పప్పు ఇంకో గరిటె వేసుకో. కళ్లకి మంచిది."

మారెన్ నవ్వలేదు. మొదటి చరిత్ర పరీక్షలో పదికి నాలుగొచ్చాయి. సోమవారం రెండోది. అదీ పోతే వాళ్ల కాలేజీ ఈ అర్ధ సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోదు. మహిమలంటే పెదవి విరిచే ఇంట్లో పుట్టిన పిల్ల, ఇప్పుడు పుస్తకాలకన్నా కప్పనే నమ్ముకుంది.

"మీరు చూపించొద్దు, సెన్యోరా. నా పక్కన కూర్చోండి, చాలు."

ఒబ్దూలియాకి వెంటనే మోకాలు నొప్పి వచ్చింది. తలకు రంగు వేయించుకోవాలని గుర్తొచ్చింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే గిన్నె తిరిగివ్వడానికి ఎదురింటి కాసిల్దా వచ్చింది. ఆ ద్వారం ముందు పొద్దుతిరుగుడు గింజలమ్ముతుంది. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు.

"వెళ్లవే ఒబ్దూ, పాపం. మొదటి చూపులోనే పట్టినదానివి, నీకేం కష్టం?"

ఇంక తప్పలేదు. ఉన్ని కోటు తొడుక్కుని, పెదాలకు రంగు రాసుకుని, పెళ్లివారింటికి వెళ్తున్నట్టు బయల్దేరింది.

ద్వారానికి ఎదురుగా రాతి గట్టు మీద కూర్చున్నారు. సాయంత్రపు ఎండ నేరుగా దాని మీద పడుతోంది. మారెన్ ద్వారం వైపు చూడలేదు, సెన్యోరా కళ్ల వైపు చూసింది. తెలిసినవాళ్ల చూపు తెలిసినచోట ఆగక మానదని ఆ పిల్ల లెక్క. చదువుకున్నవాళ్ల తెలివి.

చూపు ఎక్కడా ఆగలేదు. పైనుంచి ఎడమకి, ఎడమనుంచి కుడికి, వరసవారీగా, పెదాలు మెల్లగా కదులుతూ. మారెన్ కూడా ఆ వరసల వెంటే వెళ్లింది. కుడివైపు స్తంభం దగ్గర, ఒక పుర్రె నెత్తిన, కప్ప. ఒబ్దూలియా చూపు దాని మీదుగానే వెళ్లింది, పలకరించకుండా దాటిపోయింది.

మారెన్ పెన్సిలు చేతిలోకి తీసుకుంది. మళ్లీ జేబులో పెట్టేసింది.

"దొరికిందా అమ్మాయీ?" అని గింజల బుట్ట దగ్గర్నుంచి కాసిల్దా. "లేకపోతే ఎక్కడుందో ఒబ్దూనే అడుగు, మేమూ వింటాం."

ఒబ్దూలియా ముఖం తెల్లబోయింది.

"ఇంకా లేదండీ" అంది మారెన్. "ఇంకాసేపు కూర్చుందామా, సెన్యోరా? మీకు చలేస్తోందా?"

చలేస్తోంది. అయినా కూర్చుంది. గంట గడిచింది. ఎండ పై వరసలకు ఎగబాకింది. అప్పుడు ఒబ్దూలియా చూపు కుడివైపు స్తంభం దగ్గర ఆగింది, చెయ్యి దానంతటదే భుజం దాకా లేచింది. సగంలో గుర్తొచ్చి, జుట్టు సర్దుకుంటున్నట్టు తిప్పుకుంది.

"నా చిన్నప్పుడు ఇంకా పెద్దగా ఉండేది" అంది.

"ఏంటే అది?" అంది కాసిల్దా.

"నీకెందుకు? రెండు పొట్లాలు గింజలివ్వు."

"రాయి కదా, సెన్యోరా, అరిగిపోయి ఉంటుంది" అంది మారెన్, పట్టీలో కప్పను కొట్టేస్తూ.

సోమవారం పరీక్షలో ఐదున్నర వచ్చాయి. గట్టెక్కడానికి ఐదు చాలు. ఆ అర మార్కు తన పప్పు వల్లేనని ఒబ్దూలియా సందంతా చెప్పుకొచ్చింది.

ఆ తర్వాత వచ్చిన కుర్రాడు గుమ్మంలో పెట్టె దించీ దించకముందే, "ముందు స్నానం చేసి భోంచెయ్ నాయనా. ఇక్కడో కప్ప ఉంది, ఎక్కడికీ పోదులే. కొందరికి కాస్త టైము పడుతుంది" అంది.

"మీకెంత పట్టింది, సెన్యోరా?"

"నాకా? మొదటి చూపు."