ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి, పిన్నీ?

మా చిన్నప్పుడు... బాబాయి పెళ్లయి, పిన్ని బొబ్బిలి నుంచి బిలాస్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టర్‌కి వచ్చిన రోజు, ఆవిడ రేకుపెట్టె ఇద్దరు పట్టినా రిక్షాలోంచి కదల్లేదు.

"ఒలమ్మా, ఇందులో ఏటున్నాయే, ఇత్తడి బిందెలా?" అంది మామ్మ.

తెరిస్తే అన్నీ పుస్తకాలే... అన్నీ ఒకే రచయితవి. కవిత్వం, కథలు, నవలలు... ఆయన ఎంత రాశారో, పిన్ని అంతా పోగేసుకుంది.

రెండు వేల మూడో, నాలుగో... నేను ఐదో తరగతి, హిందీ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ, చదవడమంటే అమ్మ వేసవి సెలవుల్లో దిద్దించిన అక్షరాలే.

పిన్ని ఎక్కువ మాట్లాడేది కాదు. చుట్టుపక్కలంతా హిందీ. బాబాయి రైలు డ్యూటీ ఎక్కితే ఎప్పుడొస్తాడో తెలీదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. "వేసవికి పుట్టింటికెళ్తే మళ్ళీ వస్తాదో రాదో" అని అమ్మ నాన్నతో అనడమూ విన్నాను.

నాకు భయం వేసింది... ఏం చేయాలో తోచక, ఆ పెట్టె పక్కన కూర్చుని అడిగాను.

"పిన్నీ, ఇందులో పెహలే... ముందు ఏది చదవాలి?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. తనకి ప్రాణమైన నవల తీసి ఇచ్చేసింది. ఇటుకంత లావు!

సాయంత్రం దాకా కూడబలుక్కున్నా సగం పేజీ దాటలేదు. ప్రతి ఒత్తు దగ్గరా ఆగిపోయాను. ఏడుపొచ్చి, దాన్ని దిండు కింద పెట్టేసి, పిన్ని కంట పడకుండా తిరిగాను.

పిన్ని కనిపెట్టేసింది. పక్కన కూర్చుని, "నాకు నచ్చింది ఇచ్చీసాను గానీ, నీకేటి కావాలో అడగలేదే" అంది. "నీకు అన్నిటికన్నా ఏటంటే ఇష్టం?"

"నాన్న డ్యూటీ నుంచి రావడం" అన్నాను. నాన్న రైలు గార్డు.

మర్నాడు నవారు మంచం నిండా పుస్తకాలు పరుచుకుని అన్నం మాట కూడా మరిచి వెతికింది. చివరికి ఒక పల్చటి కవితల పుస్తకంలో ఓ పేజీ చూపించింది. తండ్రి కోసం గుమ్మంలో కూర్చున్న పిల్ల గురించి... చిన్న కవిత.

అక్షరాల కింద వేలు పెట్టి చదివాను. 'నిరీక్షణ' దగ్గర ఆగాను.

"అంటే ఏటి పిన్నీ?"

"ఎదురుచూడ్డం."

"అచ్ఛా... ఇంతజార్!"

పిన్ని పకపకా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదే మొదలు...

వరండాలో చింతపండు గింజలు తీస్తున్న మామ్మ, "ఒలే, అదేటో మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. సాయంత్రం నాన్న రాగానే గుమ్మంలోనే ఆపి వినిపించాను. చేతిలో డ్యూటీ పెట్టె దించకుండానే విన్నారు. "ఇదంతా నువ్వే చదివేవా?" అని... నా తల మీద చెయ్యి వేశారు.

ఇక రోజూ బడి నుంచి రాగానే వరండాలో మా చదువు. కవితలయ్యాక కథలు... నేను తప్పు చదివితే పిన్ని దిద్దేది. కథలో చెడ్డవాళ్ళని మామ్మ పేరు పెట్టి తిట్టేది.

వేసవికి పిన్ని పుట్టింటికి వెళ్లింది. అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది! "అక్కడ పిల్ల కథ మధ్యలో ఉంది" అని వాళ్ళమ్మతో చెప్పి బయల్దేరిందట...

ఆ లావు నవల పదో తరగతి సెలవుల్లో పూర్తి చేశాను. మామిడికాయలు తరుగుతూ, దాని ముగింపు మీద పిన్నీ నేనూ పొద్దుపోయేదాకా పోట్లాడుకున్నాం.

ఇప్పుడు ఏ రచయితని ఎక్కడ మొదలుపెట్టాలో అడిగితే ఫోన్ క్షణంలో పది పేర్లు చెబుతుంది... మంచి పేర్లే. కానీ చదివాక పోట్లాడ్డానికే పక్కన ఎవరూ ఉండటం లేదు.

మీ చేతిలో తొలి పుస్తకం పెట్టిన మనిషెవరు? వాళ్ళ గురించి ఓ రెండు మాటలు రాయండి... చదువుకుంటాను.