తాయమ్మాళ్ మల్లెలకు పారిన నీళ్ళు

ఒర్లియంపేటలో ఉన్నన్నాళ్ళూ తాయమ్మాళ్ ఇంటికి వాన చుట్టపుచూపుగా వచ్చేది కాదు, కాపురానికే వచ్చేది. బియ్యం డబ్బా మంచమెక్కేది. ఆమె ఆ పక్కనే కాళ్ళు ముడుచుకుని పూలు కట్టేది. అందుకే బాహూరు దారిలో కట్టిన కొత్త కాలనీలో ఇల్లు దొరికాక, దీపావళి వాన వీధిలో నిలవకుండా పక్క కాలవల వెంట కుంటలోకి జారిపోతుంటే గడపలో కూర్చుని హాయిగా నవ్వుకుంది.

వందల ఇళ్ళ కాలనీ అది. ఇళ్ళు మెరకన, తోటలు పల్లాన. స్నానాల నీళ్ళూ, బట్టలుతికిన నీళ్ళూ వేరే గొట్టంలో వచ్చి, ఇసుక పోసి తుంగ నాటిన గుంటల్లో తేరుకుని, మోటారు లేకుండానే తోటలకు పారతాయి. ఈ ఏర్పాటంతా గీసిన ఇంజినీరు కళైసెల్వి తాయమ్మాళ్‌కు కూడా చిన్న తోట ముక్క ఇప్పించింది. మల్లె విరగబూసింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ పూలు పోయేది దేవుడి పటాలకు. ఊరందరి ఒళ్ళు కడిగిన నీళ్ళా అని ఒక్కరు ముక్కు చిట్లిస్తే చాలు, ఇక ఆమె పొయ్యిలో పిల్లి లేవదు. ముఖ్యంగా పక్కింటి అన్నమ్మాళ్. ఆవిడ ఆచారం ముందు పూజారులే తడబడతారు. ఆవిడ వద్దంటే వీధి వీధంతా వద్దంటుంది.

దాంతో తాయమ్మాళ్ నాటకం మొదలుపెట్టింది. ఎవరైనా అటు వస్తే చాలు, కుళాయి నీళ్ళు బిందెతో మోసుకొచ్చి, నలుగురూ చూసేలా మొక్కలకు పోసేది. రెండు విధాల నీళ్ళూ తాగలేక మల్లె ఆకులు పసుపెక్కాయి.

"ఏందిమ్మా ఇది? వేరు కుళ్ళిపోతాది," అంది కళైసెల్వి. పేరు అరవమైనా, ఆ పిల్ల ఇంట్లోనూ తెలుగే.

"నీకేం పాపా, గీత గీసి పోతావు. పూలు అమ్ముకోవాల్సింది నేను గదా."

ఆ శుక్రవారం పొద్దున ఆడవాళ్ళంతా పూలకోసం చేరిన సమయానికే, కళైసెల్వి ఎవరో అధికారులను వెంటబెట్టుకుని వచ్చింది. "ఈ తోట మొత్తం స్నానాల నీళ్ళతోనే పెరిగింది సార్," అంది గర్వంగా. ఒక్క మాటతో ఎవరి నోటి దగ్గర కూడు లాగిందో పాపం ఆ పిల్లకు తెలియదు.

అందరూ అన్నమ్మాళ్ వైపు చూశారు.

"నిజమేనా తాయీ?" అడిగింది ఆవిడ.

"నిజమే అక్కా. చెప్తే ఎవురూ కొనరని భయపడినా." ఇంకా దాచే ఓపిక ఆమెకు లేదు.

అన్నమ్మాళ్ తోట వైపు చెయ్యి చూపించింది. "మా అత్తగారింటి పెరట్లో అరటిచెట్టు ఉండె. ఇంటిల్లిపాదీ నీళ్ళు పోసుకుంటే ఆ నీళ్ళన్నీ దాని పాదులోకే పోయేవి. ఆ పండే దేవుడికి పెడితిమి. ఒక దినమన్నా వద్దన్నాడా ఆయన?"

గుండెల మీది కుంపటి ఎవరో దించినట్టయింది తాయమ్మాళ్‌కు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. పూలదండ అందుకుని మూర కొలవబోయింది.

"రెండు మూరలియ్యి," అంది అన్నమ్మాళ్. "నిన్న నేను తలకి పోసుకున్న నీళ్ళు తాగిన మల్లెలు. నాకు ఇయ్యకుండా ఇంకెవురికి ఇస్తావే?"