కదలని ముల్లు

మా ఆయన జనగామలో ఉండే స్నేహితుడి దగ్గర పాత కారు కొన్నారు. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎప్పుడూ సరిగ్గా సగంలోనే ఉండేది.

"సూసినవా, జరంత గూడ ఎక్కువ వేడెక్కదు," అని మురిసిపోయేవారు.

కిందటి చలికాలం ఒక పొద్దున అత్తమ్మకు ఆయాసమొస్తే కాటారం నుంచి భూపాలపల్లి దవాఖానకు బయలుదేరాం. అద్దాల మీద మంచు ఇంకా ఆరలేదు. కారు స్టార్ట్ చేయగానే ముల్లు సగంలో ఉంది. మా అన్న కారులో అది పొద్దున కింద ఉండి, కొంత దూరం పోయాకే మెల్లగా సగానికి వస్తుంది.

"ఏందయ్యా, రాత్రంతా సలిల ఉన్న ఇంజన్ గప్పుడే ఎట్ల వేడెక్కింది?" అన్నాను.

"నీకు అన్నిట్ల అనుమానమే," అని కసిరారు.

అడవి దారిలో బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సున లేచింది. కారు పక్కకు ఆపి అత్తమ్మను దింపాం. ఆయన ఇంజన్ ఆపి తాళంచెవి బయటికి తీశారు. తాళం తీస్తే కిందికి పడిపోవాల్సిన ముల్లు సగం నుంచి కదల్లేదు.

వెనకొచ్చిన బస్సులో అత్తమ్మను దవాఖానకు చేర్చాం. తర్వాత మెకానిక్ మీటరు విప్పితే, ముల్లును ఎవరో జిగురుతో అతికించారని తేలింది.

ఆ స్నేహితుడు ఇప్పటికీ ఎదురైతే, "బాగున్నవా చెల్లె?" అని నవ్వుతాడు. ఆ నవ్వు కూడా అతికించిందేనేమోనని నా అనుమానం.