అక్క గడప ముందర కప్పు

మా పక్క కబడ్డీలో గెలిచేది సులువు, ఆ గెలుపును ఊరేగించేదే కష్టం. వేప్పనపల్లి చుట్టుపక్కల ఊర్లలో గెలిచిన జట్టు కప్పు ఎత్తుకొని ఓడినోళ్ళ ఊరికే పోవాల. వాళ్ళ కెప్టెను ఇంటి ముందర పలక డప్పులు కొట్టించి చిందెయ్యాల. ఆ ఇంటి ఆడమనిషి కప్పుకు ఆరతి పట్టి ఎర్రనీళ్ళు వీధిలో పోస్తే పగ తీరినట్టు. ఆ తర్వాత చెయ్యెత్తినోడు మనిషే కాదు.

పోయిన ఏడు ఓడిన కెప్టెను మా బావ. ఆరతి పట్టాల్సింది మా అక్క. ఆట అయినాక ఫోన్ చేసింది.

“రేయ్, ఈడ మా మరుదులు కుతకుతమంటా ఉండారు. ఈరోజు దెబ్బలు పడితే ఇంక పుట్టింటికి పోయేది లేదని మా అత్త చెప్పేసింది. మర్యాదగా చిందేసి పోండప్పా.”

“మేం మర్యాదస్తులమే, మా కాళ్ళ సంగతి చెప్పలేను” అన్నాను. బడి నన్ను ఏడో క్లాసులోనే వదిలించుకొనింది, ఈ నోరు మాత్రం వదల్లేదు.

కాళ్ళే కొంప ముంచినాయి. మా కెప్టెను కప్పు ఎత్తిపట్టుకొని వెనక్కి వెనక్కి చిందేస్తా పోయి, అక్క పసుపు పూసిన గడప మీద కాలేసినాడు. బావ గుద్దిన గుద్దుకు వాడి పల్లు ఊడి ఆ పసుపులోనే పడింది.

ఇంక మామిడికాయలు కోసే దోట్లు బయటికొచ్చినాయి. పలకలోళ్ళు వాయించేది మాని పలకలు అడ్డం పెట్టుకొని దెబ్బలు కాచుకున్నారు. నా వీపున ఒక దోటి విరిగింది. తిరిగి చూస్తే బావ.

“ఏం బావా, బరిలో దొరకని వీపు ఇంటికాడ దొరికిందా?”

విరిగిన కర్రే మళ్ళా లేచింది. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. నేను ఆయన గొంతు పట్టినాను, పెదవి పగిలేదాకా గుద్దినాను.

అక్క మధ్యలోకి రాలేదు, ఏడవలేదు. కింద దొర్లుతా ఉన్న కప్పు తీసి, వాకిట్లో రోటి మీద పెట్టి, రోకలితో కొట్టింది. అది రేకుముక్క అయ్యేదాకా కొట్టింది. ఆ సద్దుకు అందరి చేతులూ ఎక్కడివక్కడే నిలిచిపోయినాయి. ఆ రేకుకే ఆరతి పట్టి, నీళ్ళు వీధిలో పోసింది.

“ఆరతి అయింది. ఇప్పుడు చెయ్యెత్తండి చూస్తాం, ఎవడు ఎత్తుతాడో.”

ఎవడూ ఎత్తలేదు. నన్నూ బావనూ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి, ముందు ఆయన పెదవికి పసుపద్దింది.

“ముందు ఓడినోళ్ళకాక్కా?”

ఆరోజు తిన్న దెబ్బల్లో ఇప్పటికీ మండేది అప్పుడు అక్క కొట్టిన చెంపదెబ్బే. బావ నవ్వబోయి పెదవి పట్టుకున్నాడు. అక్కావాళ్ళ అత్త అంతవరకూ తలుపు పక్కనే నిలబడి ఉండింది.

“నీ తమ్ముడికి కూడా ముద్ద పెట్టమ్మా. నోట్లో ముద్దుంటేనన్నా ఊరుకుంటాడేమో” అనింది.

దవడ ఆడ్డం లేదు. అయినా రాగిసంగటి నమిలేది కాదు కదా, మింగినాను.