మగ్గం గుంటలో దాచిన నీళ్ళు

తొంభైల నడిమి ఏళ్ళలో, ఒక ఎండాకాలం, వేలూరు పక్కనున్న సత్తువాచారిలోని ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి నన్ను గుడియాత్తం నేతవీధులకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అక్కడ పగటిపూట కుట్టే దోమతో జ్వరాలు లేచాయి. ఆ దోమ నిలవనీటిలో గుడ్లు పెడుతుంది. అవి దోమలై ఎగరడానికి వారం పైచిలుకు చాలు. అందుకని వారానికోసారి ప్రతి ఇంటి తొట్టినీ ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టించడం నా పని.

మునెమ్మ అనే నేతపనామె పెద్దకూతురు అప్పుడే జ్వరం తగ్గి వేలూరు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. చిన్నదానికి కూడా వస్తుందేమోనని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది. అయినా తొట్టి ముట్టనివ్వలేదు.

“కొళాయి నీళ్ళొచ్చేది నాలుగు దినాలకొక తూరి సార్. ఉండేది పారబోస్తే మళ్ళా యాడ తెచ్చేది?” అంది.

నాకు ముక్కు మీద కోపం. చట్టం చదివి వినిపించి, నేనే తొట్టి బోర్లించాను.

మరుసటి వారం వీధిలో ఏ తొట్టిలోనూ చుక్క నీళ్ళు లేవు. నా ప్రతాపమే అనుకున్నాను. కాని జ్వరాలు ఆగలేదు. మునెమ్మ చిన్నకూతురూ మంచం పట్టింది. ఇదేం చోద్యమని వాళ్ళింటికి వెళ్ళాను. మగ్గం ముందు, నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే గుంట ఉంటుంది. దాని మూలన కుండలు కనిపించాయి. టార్చి వేసి చూస్తే నీళ్ళలో పురుగులు లుకలుకలాడుతున్నాయి.

“మీరొస్తే కుమ్మరిస్తారని వీధంతా ఈ మాదిరే దాచినాం సార్,” అంది మునెమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మర్నాడు నోటీసులు పక్కన పెట్టి, వీధి అరుగు మీద ఊరికే కూర్చున్నాను. నేతకు ముందు నిలువు పోగులను వీధి పొడవునా సాగదీసి గంజి పట్టిస్తున్నారు. ఈ పని వారానికి ఒకరింటిదైనా ఉంటుంది. సాయానికి ఇంటికొకరు రావాలి. రానివాళ్ళ పోగులకు ఎవరూ వెళ్ళరు. గంజి కాయడానికి నిలవనీళ్ళు పనికొస్తాయా అని మునెమ్మ అత్తను అడిగాను.

“వడగట్టుకుంటే ఏమయితాది నాయనా?” అందామె.

అలా అయితే నీళ్ళు వృథా పోవు గనక వీధంతా ఒప్పుకుంది. అప్పటి నుంచి, కొళాయి వచ్చే రోజు చూసి పెట్టుకున్న గంజి రోజున ప్రతి ఇల్లూ పాతనీళ్ళు తెచ్చి పోసేది. ఖాళీ తొట్టినీ కుండలనూ అప్పుడే తోమి బోర్లించేది. తోమనివాళ్ళను ఆడవాళ్ళే ఎకసెక్కాలాడేవారు. నేను నోరు విప్పే పని లేకపోయింది. కొన్ని వారాలకు జ్వరాలు తగ్గాయి.

మునెమ్మ చిన్నకూతురు బతికింది గాని, లేచి నడవడానికి చాలా రోజులు పట్టింది. ఆ జ్వరంలో దోమ పాలెంతో నా పాలూ అంతే. మాట వినని మనిషి ఎదురైతే, వింటే ఆ మనిషికి పోయేదేమిటో ముందు కనుక్కోవాలని అక్కడ నేర్చుకున్నాను. అది కనుక్కోవడానికి నాకు పట్టింది ఒక్క పూట. ఆ పూట మొదటి వారమే కూర్చుని ఉంటే, ఆ బిడ్డ మంచం పట్టేది కాదు.