సంగై జింక, బోర్లించిన డబ్బా

1985 నవంబరులో నేను మార్టూరుకు దగ్గర్లోని ఒక పల్లెలో పశువైద్యుణ్ణి. హోదా పేరు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో 'అసిస్టెంట్' ఉంది గానీ నాకు పైన అక్కడ సర్జనంటూ ఎవరూ లేరు. కింద మాత్రం సుబ్బారావు అనే కాంపౌండరు, ఒక అటెండరు ఉండేవారు. మాకు వచ్చేవి గేదెలు, ఎడ్లు, మేకలు. జింకకు వైద్యం చేయాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఒకరోజు పొద్దున పది గంటలకు ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన కాగితాలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. పేరు బిశ్వనాథ్, ఒడిశా మనిషి, ఒక జంతుప్రదర్శనశాలలో జంతువుల కాపరి. బరంపురంలో పెరిగాడు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడేవాడు. రెండు జింకలను ఒక జూ నుంచి ఇంకో జూకి లారీలో మద్రాసు వైపు తీసుకుపోతుంటే మా ఊరి దగ్గర హైవే మీద వెనక ఇరుసు విరిగిందట. కొత్తది గుంటూరు నుంచి రావాలి. ఆడజింక నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు, ఒకసారి చూడమన్నాడు.

కాగితంలో జాతి పేరు 'సంగై' అని ఉంది. మణిపూర్‌లో ఒకే ఒక్క సరస్సులో, నీళ్ళ మీద తేలే గడ్డి దిబ్బల మీద బతికే జింక. ఒకప్పుడు జాతి మొత్తం పోయిందనే అనుకున్నారు. తర్వాత కొద్దిపాటివి కనబడ్డాయి. ఉన్న ఒక్క చోట ఏ గాలికుంటు రోగమో తగిలితే తుడిచిపెట్టుకుపోతాయని కొన్నిటిని వేరువేరు జూలలో పెంచుతారు. దగ్గర రక్తం కలవకుండా, మనం ఆబోతును ఊరు మార్చినట్టు, వీటినీ జూల మధ్య మారుస్తారు. జూ అంటే ఆదివారం వేరుశనక్కాయలు తింటూ తిరిగే చోటనుకుంటాం గానీ, ఇలాంటి జాతులకు అది విత్తనాలు దాచుకునే గాదె.

లారీలో రెండు చెక్కపెట్టెలు పక్కపక్కన ఉన్నాయి. సందుల్లోంచి చూశాను. మగది మొహం తిప్పుకుని పడుకుంది. ఆడది నిలబడే ఉంది, పొదుగు దిగి ఉంది. చూలుదా అని అడిగితే బిశ్వనాథ్ నెమ్మదిగా తలూపాడు. కాగితాల్లో ఆ మాట లేదు. నిండుచూలాలిని లారీ ఎక్కించిన మహానుభావులెవరో గానీ వాళ్ళను మనసులో నాలుగు తిట్టుకున్నాను. ముందున్న ఎండుగడ్డి, తవుడు అలాగే ఉన్నాయి.

"పచ్చగడ్డి కోసి వేయండి, తింటుంది" అన్నాను. అంతే అన్నాను. మిగతా రోగులున్నారని ఆస్పత్రికి తిరిగొచ్చేశాను.

రెండు గంటలకు బిశ్వనాథ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెంటనే లేచి ఆయనతో లారీ దగ్గరికి పోయాను.

ఆడజింక నోటి నుంచి చొంగ ధారగా కారుతోంది. తొడల మీద చర్మం ఆగకుండా అదురుతోంది. ఊపిరి గురకగా వస్తోంది. పెట్టె ముందు సగం తిన్న గడ్డిమోపు ఉంది. మగదానికి వేయలేదట. ఎక్కడ కోశారని అడిగితే బిశ్వనాథ్ రోడ్డు పక్క పత్తి చేని గట్టు చూపించాడు. గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగిందట, ఏ పశువూ మేయలేదట, అదృష్టమనుకున్నాడట.

"అక్కడ కర్ర మీద డబ్బా లేదూ?" అని అరిచాను.

ఉందన్నాడు. పిట్టలను తోలడానికి పెట్టారనుకున్నాడు. వాళ్ళ వైపు అలాగే పెడతారు.

మా పత్తి పొలాల్లో పురుగుమందు కొట్టిన చేనికి గట్టు మొదట్లో కర్ర పాతి, ఆ మందుదే ఖాళీ డబ్బా బోర్లించేవారు. అది కనబడితే పదిహేను రోజుల దాకా ఆ గట్టు మీద గొడ్లను మేపరు, గడ్డి కోయరు. మాటలు రాని పసివాళ్ళకు తప్ప అందరికీ తెలిసిన సంగతి. అందుకే నేను చెప్పలేదు. అందరికీ తెలుసు కదా!

ఇప్పుడు కొట్టిన మందేదో తెలియాలి. ఆ రోజుల్లో పత్తికి రెండు తరహాల మందులు కొట్టేవారు. ఒక తరహాకు అట్రోపిన్ అనే ఇంజెక్షను విరుగుడు. రెండో తరహాకు అది పనిచేయదు. పైగా నెమరువేసే జంతువుకు విరుగుడుకు కావలసినంత పెద్ద మోతాదు ఊరికే ఇస్తే పొట్ట కదలడం ఆగి, ఉబ్బి చస్తుంది. కంటిపాప సూదిమొనలా చిన్నదైతే మొదటి తరహా అని గుర్తు పట్టవచ్చు గానీ, జింక మొహం చీకటి మూలకు పెట్టేసింది. టార్చి వేస్తే బెదిరి పెట్టెకేసి తల బాదుకుంటోంది. జింక భయంతోనే చచ్చే జంతువు.

సుబ్బారావును తీసుకుని ఆ చేనికి పోయాను. గట్టు మొదట్లో డబ్బా లేదు. కర్రా లేదు. కర్ర పీకిన గుంట మాత్రం ఉంది, మట్టి ఇంకా తడిగా ఉంది.

చేను వెంకటేశ్వర్లుది. కబురు పెట్టకముందే ఆయన, ఆయన భార్య ఆదెమ్మ లారీ దగ్గరికి వచ్చి జనంలో నిలబడి ఉన్నారు. ఏం మందు కొట్టావని అడిగాను.

"నేను కొట్టలేదండీ. నెల్లాళ్ళయింది కొట్టి."

"మరి డబ్బా ఏది?"

"ఏ డబ్బా అండీ?"

జనంలో ఒకాయన, "ఒరేయ్ వెంకటేశ్వర్లూ, గవర్నమెంటు జంతువంటరా, జైల్లో ఏస్తారంట, నోరు మూసుకో" అని బాహాటంగానే సలహా ఇచ్చాడు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. వన్యప్రాణుల చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువు అది, చంపితే కేసే. చస్తే పంచనామా, పోస్టుమార్టం, అందరి వాంగ్మూలాలూ ఉంటాయి. పెట్టెలో జింక ముందుకాళ్ళ మీద కూలింది. బిశ్వనాథ్ పెట్టెకు తల ఆనించి ఏదో సన్నగా పాడుతున్నాడు. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి.

ఆ రైతు దేనికి భయపడుతున్నాడో నాకు తెలుసు. ఎందుకంటే మధ్యాహ్నం నుంచి నేనూ దానికే భయపడుతున్నాను. గడ్డి వేయమన్నది నేనని అప్పటికి ఆ జనంలో బిశ్వనాథ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఆ మాట ఎత్తలేదు.

"వెంకటేశ్వర్లూ, తప్పు నీది కాదు. పచ్చగడ్డి వెయ్యమంది నేను. డబ్బా ఉన్న గట్టు మీద కొయ్యొద్దని చెప్పంది నేను. రిపోర్టులో నా పేరే రాస్తాను, అందరి ముందూ చెబుతున్నాను. నువ్వు డబ్బా పెట్టి నీ ధర్మం నువ్వు చేశావు. ఆ డబ్బా ఒక్కసారి చూపించు" అన్నాను.

ఆయన ఇంకా నేల చూపులే చూస్తున్నాడు. ఆదెమ్మకు ఒళ్ళు మండింది.

"చెప్పి చావవేంది మానవా! చూలుదంట, కళ్ళెదురుగా చస్తంటే బెల్లంకొట్టిన రాయల్లే నిలబడతావా? డాక్టరుగారూ, నిన్న పొద్దున్నే కొట్టాడండీ. డబ్బా నేనే తెస్తా ఉండండి" అని చేలోకి పరుగెత్తింది. పత్తిమొక్కల మధ్య దాచిన డబ్బా పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. అట్టమీద పేరు చూశాను. మొదటి తరహా మందు. ఇంకేమైనా కలిపావా అని అడిగాను. కలపలేదు, మా పిల్లల మీద ఒట్టు అన్నాడు వెంకటేశ్వర్లు.

మా ఆస్పత్రిలో ఉన్న అట్రోపిన్ ఒక మేకకు కూడా చాలదు. మనుషుల ఆరోగ్య కేంద్రంలో మాత్రం ఆ సీజనులో నిలవ ఉండేది, మందు కొట్టే కూలీలు సొమ్మసిల్లి అక్కడికే వచ్చేవారు కాబట్టి. అక్కడి డాక్టరమ్మ సరోజినిగారికి చీటీ రాసి సుబ్బారావును సైకిల్ మీద పంపాను. ఆవిడ యాభై ఆంప్యూళ్ళు, అంటే మందు నింపిన చిన్న గాజుబుడ్లు, ఇచ్చి, చీటీ వెనక రాశారు: "మనిషి కేసు వస్తే కబురు చేస్తాను. మిగిలినవి మిగిలినట్టు తిరిగి పంపాలి."

పెట్టెకు గోనెపట్టాలు కప్పించి చీకటి చేశాం. మాట్లాడినవాణ్ణి తంతానని జనానికి చెప్పాను. పొడుగు సూదితో సందులోంచి తొడకు ఇరవై ఆంప్యూళ్ళ మందు ఎక్కించాను. చొంగ తగ్గి నోరు ఎండితే సరిపోయినట్టు లెక్క, లేకపోతే మళ్ళీ ఇవ్వాలి. ఇరవై నిమిషాలకు పన్నెండు, ఇంకో అరగంటకు ఆరు ఇచ్చాను. చొంగ సన్నబడింది గానీ ఆగలేదు.

నాలుగోసారి సిరంజి నింపబోతుంటే సైకిల్ బెల్లు వినిపించింది. ఆరోగ్య కేంద్రం అటెండరు. పక్క ఊరి నుంచి మందు కొట్టే కూలీని మంచం మీద మోసుకొచ్చారట.

నా చేతిలో పన్నెండు ఆంప్యూళ్ళున్నాయి. బిశ్వనాథ్ ఏమీ అడగలేదు. ఆయన అడిగి ఉంటే నాకు సులువయ్యేది, కోప్పడేవాణ్ణి. పన్నెండూ దూదిలో చుట్టి అటెండరుకు ఇచ్చేశాను.

ఆ తర్వాత చేయడానికేమీ లేదు. అంతమందీ రోడ్డు పక్కనే కూర్చున్నాం. పొద్దు వాలుతున్నప్పుడు పెట్టెలో గిట్టల చప్పుడైంది. బిశ్వనాథ్ గోనెపట్టా అంగుళం తొలగించి చూసి, నన్ను చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. జింక నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. మూతి పొడిగా ఉంది. ఆరోగ్య కేంద్రంలో ఆ కూలీ కూడా బతికాడు.

మర్నాడు రిపోర్టు రాసి ఒంగోలులో నా పై అధికారికి పంపాను. సహాయ సంచాలకులు ఆయన, మంచి మనిషి. ఫోన్ చేసి, "నిన్నెవరయ్యా అడిగారు? ఆ గడ్డి సంగతి తీసేసి మళ్ళీ పంపు" అన్నారు. తీయలేనన్నాను. మూడు వారాలకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. తర్వాత సర్వీసు రిజిస్టరులో ఒక మందలింపు ఎక్కింది. రిటైరయ్యేదాకా అది ఆ పేజీలో ఉంది.

సంక్రాంతి దాటాక బిశ్వనాథ్ నుంచి కార్డు వచ్చింది. జింక బాగుంది, మేస్తోంది. డిసెంబరులో ఈనింది, పిల్ల చచ్చి పుట్టింది. కారణం రాయలేదు. ప్రయాణం బడలికో, ఆ గడ్డో తేల్చే పరీక్ష అప్పట్లో లేదు. నా లెక్కలో మాత్రం దాన్ని గడ్డి కిందే రాసుకున్నాను.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేశాను. పచ్చగడ్డి అని రాసిన ప్రతి చీటీ మీదా పక్కనే 'మందు కొట్టని గట్టుది' అని రాశాను. రైతులు నవ్వేవారు. "ఆ మాత్రం మాకు తెలీదా డాక్టరుగారూ?" అనేవారు. వాళ్ళకు తెలుసు. తెలియనివాడు చీటీ పట్టుకుని ఎప్పుడొస్తాడో నాకు తెలియదు కాబట్టి రాశాను.