తలపులు కొలిచిన మేష్టారు

ఒకరి మనసులోది దూరాన ఉన్నవాళ్లకు తెలుస్తుందా అని, మా అల్లవరం సైన్సు మేష్టారు పాతకాలపు శాస్త్రజ్ఞుల పద్ధతిలో బొమ్మల చీట్లతో పరీక్షలు చేసేవారు. ఏం తేలినా కళ్లజోడు తుడుచుకుని, "కాకతాళీయమండీ" అనేవారు.

ఓసారి ఎదురింటి కోడలిని కూర్చోబెట్టారు. కువైట్‌లో భర్త ఒక్కో చీటీ చూస్తుంటే, ఆ బొమ్మేదో ఈమె ఇక్కడ చెప్పాలి. అన్నీ చెప్పేసిందని ఊరంతా చాటింది నేనే. అవి నా కోతలు. తర్వాత సరిచూస్తే ఒక్కటీ కలవలేదు.

"అయితే ఆయన నన్ను తలుచుకోడం లేదాండీ?" అందామె.

"అది దీంట్లో తేలదమ్మా. ఇది కాకతాళీయం."

"తేలిపోయిందిలెండి."

అప్పుడే ఆమె ఫోను మోగింది. భర్తే. కట్ చేసి వెళ్లిపోయింది.

మేష్టారు ఆ ఫోనును పరీక్షలో కలపలేదు.